ట్రాంపోలిన్ అంటే ఏంటి?

రామచంద్రపురం తీర్థంలో, పిల్లలు ఎగిరే ట్రాంపోలిన్ వెనక, కొబ్బరికాయలు దింపే బుల్లియ్య ఆ ట్రాంపోలిన్ నడిపే విజయ్ పాల్‌ని ఇనప స్తంభానికి అదిమి, గొంతు మీద కత్తి పెట్టాడు.

"చెప్పరా! ట్రాంపోలిన్ అంటే ఏంటి?"

"కత్తి... కత్తి తియ్యన్నా. నెత్తురొస్తోంది."

"రానీ! నా హేమశ్రీకి నడుం విరిగింది. ఇంక నడవదన్నారు డాక్టరుగారు. పొద్దున ఆ బోర్డు చదివి, 'అంటే ఏంటి నాన్నా' అని నన్నే అడిగింది. నాకేం తెలుసు? ఆయన్నే అడుగమ్మా అని నేనే పంపాను. ఏం చెప్పావు దానికి?"

"ఫోన్లో చూసి చెప్పానన్నా. స్పెయిన్ దేశపు మాటంట. నీళ్ళలోకి దూకేవాళ్ళు ఎక్కే పలకంట."

"ఇంకా?"

"ఇంకా... సర్కస్‌లో ఉయ్యాల మీంచి పడేవాళ్ళకి కింద వల కడతారు కదా. వాళ్ళు ఆ వలలో పడి ఎగరడం చూసి, ఎవరో ఇది తయారు చేశారంట."

"పడితే కాచేదన్నమాట! మరి కాచిందేంట్రా? ఆ? కాచిందా?"

"అమ్మా! పన్ను... పన్నూడిపోయిందన్నా."

"అన్నీ రాలగొడతాను! నాలుగు స్ప్రింగులు పోతే కొత్తవి తెచ్చుకోవద్దా? తాళ్ళు కట్టి పిల్లల్ని ఎక్కిస్తావా?"

"తప్పే. నా బుద్ధి గడ్డి తింది."

"నువ్వు బతిమాలితే ఆ స్ప్రింగుల చోట నేను కట్టిన రెండూ నా చేత్తో పేనిన కొబ్బరితాళ్ళు. వాటిని నమ్ముకునే రోజూ చెట్టెక్కుతున్నాను. నువ్వు కట్టావే ఆ నైలాన్ తాళ్ళు, తెగింది వాటిలోదేగా?"

"అదే."

"అదేగా?"

"అదేనన్నా. నాదే తెగింది."

"ఏదీ ఆ ముక్క? చూపించు."

"కాలవలో... కాలవలో పారేశాను."

"సాక్ష్యం లేకుండానా? తలెత్తు. ఎత్తరా!"

"అన్నయ్యగారూ! ఆగండి, మీ కాళ్ళు పట్టుకుంటాను! మా ఆయన్ని చంపకండి!"

"రూబీ, నువ్వు లోపలికెళ్ళు."

"వెళ్ళనండి. పీక తెగుతున్నా చెప్పరా మీరు?"

"పాపకి మాటిచ్చాం. నోరుముయ్యి."

"ఏ మాట? ఏం మాటమ్మా?"

"ఇదిగోండి, తెగిన ముక్క. ఈయన కాలవలో పడెయ్యమన్నారు, నేనే కొంగులో దాచాను. కొబ్బరిపీచో నైలానో మీరే చూసుకోండి. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో నా ఒళ్ళో పడుకుని, అంత నొప్పిలోనూ మీ పాప మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుందండి. 'ఆంటీ, తెగింది మా నాన్న తాడని మా నాన్నకి చెప్పకండి' అని."