విరిగిన చోట

మెడికల్ కాలేజీలోని పాత అస్థిపంజరాన్ని ఆ సాయంత్రం పారేయాలి. విరిగిన ముంజేయి అతుక్కున్నట్టు కనిపించడంతో, పారేసే కాగితం మీద సంతకం పెట్టేముందు అనాటమీ మేడం అక్కడ పలుచని ముక్క కోసి మైక్రోస్కోపులో చూసింది. ఎముకలు తుడిచే ముసలాయన పక్కనే నిలబడ్డాడు.

"ఎముకలో చిన్నచిన్న గదులుంటాయి బాబాయ్. ఇంత ఎండిన ఎముకలో కణాలు చచ్చిపోయి అవన్నీ ఖాళీగా ఉండాలి."

"లేవా అమ్మా?"

"ఒక్కటీ ఖాళీగా లేదు. కణాలు విరిగిన అంచున కొత్త ఎముక కడుతున్నాయి. ఇదెవరిది?"

"మా ఆవిడది. ఒళ్ళు కాలేజీకి తనే రాసిచ్చింది. పన్నెండేళ్లయింది."

"చెయ్యెలా విరిగింది?"

"పోయిన నెల తుడుస్తుంటే నేనే జారవిడిచాను. మనసొప్పక కట్టు కట్టాను."

మేడం కలం మూసింది. "పారేయమని ఎలా రాయను?"

"రాయకండమ్మా. ఇంకో రెండు వారాలు కదపకూడదు, నొప్పి పుడుతుంది."