రోడ్డు రోలరు గెలుస్తాడా, గడియారం గెలుస్తాడా

బస్సు టైరు పేలి ఆగిపోయింది. దిగినవాళ్ళు నీడ వెతుక్కుంటూ తలో దిక్కూ పోతే, బ్రష్షులమ్మే ఆయన మాత్రం భుజాన సంచీతో తిన్నగా టీకొట్టులోకి వచ్చి, బెంచీ మీద సగం తనూ సగం తన సంచీ కూర్చున్నారు. సంచీలోంచి బూజుకర్రలూ, సీసాలు కడిగే బ్రష్షులూ తలలు బయటపెట్టి చూస్తున్నాయి. ఆయన చూపు ఎదురుగోడ మీది పోస్టరు మీద పడింది.

పోస్టరులో ఇద్దరు బాక్సర్లు. ఒకడికి మెడ అనేది లేదు. పళ్ళు కొరుకుతూ, ఫొటో తీసినవాణ్ణే ముందు కొట్టేలా ఉన్నాడు. వాడు రోడ్డు రోలరు. ఎదురుగా ఏమున్నా ఆగడు, తొక్కుకుంటూ పోతాడు. రెండోవాడు సన్నగా, తల దువ్వుకుని, పెళ్ళిచూపులకి దిగిన ఫొటోలా ఉన్నాడు. వాడు గడియారం. వాచీలు బాగుచేసేవాడు, దెబ్బ కూడా పడాల్సిన క్షణానికే పడుతుంది. ఆట ఆ సాయంత్రమే, వీధి చివర హాల్లో.

"ఈ ఆటలో ఎవడు గెలుస్తాడో నేనిప్పుడే చెప్పేయగలను," అన్నాడు బ్రష్షులాయన, ఎవరూ అడక్కుండానే.

టీ వడపోస్తున్న అక్క చెయ్యి గాల్లోనే ఆగింది.

ఆమె వీధి మొత్తానికీ అక్క, రోడ్డు రోలరుకి అమ్మ. మనిషి ఎంత పొట్టంటే, చెక్కపీట ఎక్కి నిలబడితే గానీ టీ గిన్నెలో ఏముందో కనబడదు. పొద్దున కొడుకు బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "ఈసారైనా వస్తావా అమ్మా?" అన్నాడు. "చూద్దాంలేరా," అంది. ఇప్పటిదాకా ఒక్క ఆటకీ పోలేదామె. కొడుకు గెలుస్తాడని ముందే తెలిస్తే వెళ్ళి ముందు వరసలో కూర్చోవచ్చు. ఓడతాడని తెలిస్తే ఇంట్లో తలుపేసుకుని చెవులు మూసుకోవచ్చు. తెలిసేదెట్లా? ఎవర్నడిగినా "నీ కొడుక్కేంటక్కా, పులి!" అంటారు. తల్లి మొహం చూస్తూ ఇంకేమంటారు? ఈయనకి మాత్రం తను ఎవరో తెలియదు. ఉన్నమాట చెబుతాడు.

"ఏవండోయ్, ఈ అక్క ఎవరో..." అనబోయాడు పంక్చరు మామ. అక్క టీ గరిటె పైకెత్తింది. మామ నోరు మూసుకున్నాడు. బస్సు టైరు విప్పాల్సినవాడు ఆయనే, కానీ పానా బెంచీ కింద పడేసి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన టైలరు, మెడలో టేపుతో, అప్పుడే నవ్వు ఆపుకుంటున్నాడు.

"చెప్పండి మరి," అంది అక్క, కొత్త టీ గ్లాసు ఆయన ముందు పెట్టి.

"మొదట్లో నాకూ తెలీదమ్మా నాలో ఈ విద్య ఉందని. ఒకసారి బ్రష్షుల పని మీద ఒక ఊరెళితే అక్కడ ఇట్లాంటి ఆటే. ఒకడు మొరటు, ఒకడు పనిమంతుడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డా. మొరటువాడు చెప్పులు ఎట్లా విడిచాడో చూశా. ఒకటి ఇక్కడ, ఒకటి అల్లంత దూరాన, అదీ బోర్లా. రెండోవాడు జతగా, గోడవారగా, మొనలు బయటికి తిప్పి విడిచాడు. పక్కనున్నాయనతో అన్నాను కదా, ఏవండీ, ఈ రెండోవాడు తన చెప్పులు తనే తొడుక్కుని ఇంటికెళ్తాడు, మొదటివాడి చెప్పులు ఇంకెవరో చేత్తో పట్టుకెళ్తారు అని. అంతే. అచ్చం అంతే జరిగింది."

అక్కకి కొడుకు చెప్పులు గుర్తొచ్చాయి. కొడుకు ఎప్పుడూ ఒక చెప్పు గుమ్మంలో, ఒకటి మంచం కిందా విడుస్తాడు. ఆ మంచం కిందది పొద్దున తనే వంగి తీసిచ్చింది.

"అయితే మొరటువాడు గెలవనే గెలవడా?" అంది, గొంతు మామూలుగా పెట్టి.

"ఆగమ్మా, శాస్త్రం అంత తేలికైతే అందరూ బ్రష్షులే అమ్మేవాళ్ళు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా సంగతి ఊరూరా పాకిపోయింది. ఎక్కడ ఆట జరిగినా నాకు కుర్చీ. ఒకచోట నేను జేబురుమాలు ఒళ్ళో పరుచుకుని కూర్చున్నా. ఎందుకండీ అంటే, పన్ను ఇక్కడే పడుతుంది అన్నా. నవ్వారు. గంట కొట్టారు, మొరటువాడు ఒక్క గుద్దు గుద్దాడు, పన్ను ఎగిరింది, పైన పంకాకి తగిలింది, గోడకి తగిలింది, వచ్చి నా రుమాల్లో పడింది."

"ఎవరి పన్ను?" అన్నాడు టైలరు.

"రెఫరీది!"

పంక్చరు మామకి టీ ముక్కుల్లోకి పోయింది. అక్క మాత్రం నవ్వలేదు. గుద్దు తగిలింది మొరటువాడిదే కదా, అది మంచి సంగతే అనుకుని, అడక్కుండానే ఆయన గ్లాసు నింపింది. బ్రష్షులాయన నిండిన గ్లాసు చూశాడు, అక్క మొహం చూశాడు, మొరటువాణ్ణి ఇంకొంచెం పైకెత్తాడు.

"అసలు మొరటువాడి దెబ్బంటే ఏమనుకున్నారు? తగిలిన దెబ్బ సంగతి వదిలేయండి, తగలని దెబ్బ చెబుతా. ఒకడు గురి తప్పి గాల్లో కొట్టాడు. ఆ గాలికి పంకా వెనక్కి తిరిగింది. వెనక్కి తిరిగేసరికి మీటరు కూడా వెనక్కి తిరిగింది. ఆ నెల ఆ హాలువాళ్ళకి కరెంటాఫీసే ఎదురు డబ్బు కట్టి దండం పెట్టింది. నేను ముందే చెప్పాను, కిటికీలు తెరిచి పెట్టండి, లేకపోతే గోడలు ఉబ్బుతాయి అని. వినలేదు. ఇప్పటికీ ఆ హాలు గుండ్రంగానే ఉంటుంది."

"మరి అవతలివాడు?" అన్నాడు మామ. "వాడు చూస్తూ ఊరుకున్నాడా?"

"వాడా! వాడు తప్పుకోవడంలో మొనగాడు. ఎంత మొనగాడంటే, దెబ్బలన్నీ వాడి నీడకే తగిలాయి. మర్నాడు చూస్తే మనిషి శుభ్రంగా ఉన్నాడు, నీడకి మూతి వాచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడికది అలవాటైపోయింది. వానలో నిలబడితే తడవడు. ఇంటికెళ్ళి అన్నానికి కూర్చుంటే, పెళ్ళాం గరిటెతో వడ్డించబోయేసరికి కంచంతో సహా పక్కకి జరిగాడు. ఆ ఇల్లాలు ఇల్లంతా వడ్డించుకుంటూ తిరిగింది. పాపం, చిక్కిపోయాడు. బరువు తగ్గి తూకంలో నెగ్గక ఆటలోంచి తీసేశారు."

"అంటే మొరటువాడే గెలిచినట్టు!" అంది అక్క.

"గెలిచినట్టే. కానీ..."

"కానీ ఏంటి?" అక్క చెక్కపీట దిగి వచ్చింది. దిగేసరికి బల్ల వెనక తల మాత్రమే కనబడింది.

"కానీ తప్పుకునేవాడు అలిసిపోడమ్మా, కొట్టేవాడు అలిసిపోతాడు. వీడి ఊపిరి చూడు," అంటూ పోస్టరు వైపు సీసా బ్రష్షు చూపించాడు. "ఈ రోడ్డు రోలరు ఊపిరి మూడో రౌండుకి అయిపోతుంది. అప్పుడు గడియారం గంటలు కొట్టడం మొదలెడతాడు."

ఆమె మొహం వాడిపోయింది. ఇందాకటి నుంచీ కొడుకు ఎన్నిసార్లు గెలిచాడో, ఎన్నిసార్లు పడ్డాడో లెక్కే లేదు. టైలరుకి జాలేసింది.

"మీకు ఈ రోడ్డు రోలరు గురించి ఏం తెలుసని అంటున్నారండీ?" అన్నాడు.

ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది. బ్రష్షులాయన ఖాళీ గ్లాసు బోర్లించి, బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

"ఏం తెలుసా? వాడు నా చేతుల్లో పెరిగాడయ్యా! వాడు పుట్టినప్పుడు ఆ ఆస్పత్రి వరండాలో ఉన్నది ఎవరనుకున్నావు?"

"మీరే!" అన్నారు మామా టైలరూ ఒక్కసారే, పరమానందంగా.

"నేనే. పుట్టీ పుట్టగానే పిడికిలి బిగించే ఉన్నాడు. నర్సు విప్పబోతే ఒక్కటిచ్చాడు. ఆవిడ వెళ్ళి డాక్టరమ్మ మీద పడింది, డాక్టరమ్మ బీరువా మీద పడింది, బీరువా తలుపు తెరుచుకుని లోపలున్న దూదంతా ఊరి మీద పడింది. జనం మంచు కురిసిందనుకుని దుప్పట్లు కప్పుకున్నారు. నేను అప్పుడే అన్నాను, వీడు బాక్సరవుతాడు అని."

"తల్లి ఏమంది?" అన్నాడు మామ, అక్క వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడుతూ.

"ఆ తల్లా! ఆమె ముందు వీడెంత? ఆరడుగుల పైన మనిషి. గుమ్మంలోంచి పట్టదని ఆస్పత్రికి పక్క గోడ తీయించారు. నొప్పులప్పుడు మంచం కోడు పట్టుకుని పిండితే ఇనుము చేతిలో ముద్దయింది. ఆ ముద్దతోనే తర్వాత వీడికి గిలక్కాయ చేయించారు. పాలడబ్బా మూత పళ్ళతో తీసేది. వీణ్ణి నిద్రపుచ్చడానికి జోల కాదు, దవడ మీద ఒక్కటి! గురి తప్పేది కాదు. ఇప్పటికీ ఆట ఉన్న రోజు ముందు ఆవిడే వీడితో తలపడుతుంది. వీడు భయపడేది లోకంలో ఆమె ఒక్కదానికే. నేనంటే మాత్రం ఆవిడకి ప్రాణం. అన్నయ్యా, నువ్వొచ్చి పక్కన కూర్చోకపోతే నేను ఆటకే రాను అంటుంది. తోడబుట్టకపోతేనేం, సొంత చెల్లెలే."

మామ నోట్లో కండువా కుక్కుకున్నాడు. టైలరు గోడ వైపు తిరిగి భుజాలు కదుపుతున్నాడు.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, బెంచీ మీద కూర్చున్న ఆయన ఎదురుగా నిలబడింది. కూర్చున్న ఆయనా నిలబడ్డ ఆవిడా సరిసమానంగా ఉన్నారు.

"అన్నయ్యా," అంది. "అంత సొంత చెల్లెల్ని, ఇందాకటి నుంచీ టీ పోస్తున్నా, గుర్తే పట్టలేదేం?"

బ్రష్షులాయన ఆమెని కింది నుంచి పైదాకా చూశాడు. ఎక్కువసేపు పట్టలేదు. పోస్టరు చూశాడు. మామని చూశాడు. మామ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అవునన్నట్టు తలూపాడు.

"కాస్త చిక్కినట్టున్నావు చెల్లెమ్మా," అన్నాడు బ్రష్షులాయన.

అంతే, టైలరు బెంచీ మీంచి కింద పడ్డాడు. మామ పడలేదు గానీ పడటం ఒక్కటే తక్కువ. చివరికి అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే ఆలోచించింది. గెలుస్తాడన్నా ఈ నోరే, ఓడతాడన్నా ఈ నోరే, రెండూ బ్రష్షుల సంచీలోంచి తీసినవే. వీధిలోవాళ్ళకీ తెలియదు, ఈయనకీ తెలియదు, తెలిసినవాడు ఎక్కడా లేడు. ఈ బల్ల వెనక నిలబడి పొద్దుట్నుంచీ కొడుకుని పదే పదే ఓడించుకుంటోంది. అక్కడికి పోతే, ఓడినా ఒక్కసారే కదా.

"లే అన్నయ్యా," అంది. "మేనల్లుడి ఆట. ముందు వరసలో కూర్చుందాం."

"నా బస్సు..."

"టైరు ఇంకా విప్పనే లేదండీ," అన్నాడు మామ. "నేను కూడా ఆట చూసొచ్చాకే విప్పేది."

బ్రష్షులాయన సంచీ గట్టిగా పట్టుకున్నాడు. ఇంతసేపట్లో మొదటిసారి గొంతు తగ్గించాడు. "అది కాదు చెల్లెమ్మా. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి."

"నాకూ అంతే," అంది అక్క, స్టవ్వు ఆపేస్తూ. "పడిపోతే పట్టుకోవడానికి పక్కన ఎవరో ఒకరుండాలిగా. నడు."