తలకిందుల ఈజిప్టు

టీ వద్దు గిరిధర్ గారూ. చెప్పాల్సింది చెప్పి వెళ్తాను.

నాగదుర్గ పేరు కొట్టేశారు కదూ? బందరు క్విజ్‌కి మన హంసలదీవి బడి నుంచి వెళ్ళాల్సింది ఆ ఒక్క పిల్ల. హెడ్మాస్టరు మీరా, తనిఖీకొచ్చిన ఆ పెద్దమనిషా?

ఆయనకి కనపడ్డదేంటి? గోడకి ఈజిప్టు మ్యాపు తలకిందులుగా వేలాడుతోంది. అంతే. పిల్లలకి ఏం వచ్చో అడిగాడా?

ఐదో తరగతికి ప్రాచీన ఈజిప్టు భూగోళం మీరొకసారి చెప్పి చూడండి. మ్యాపులో సముద్రం పైనుంటుంది, నైలు కిందనుంచి పైకి వెళ్తుంది. మన పిల్లలు చూసిన నది కృష్ణ ఒక్కటే. అది దక్షిణానికి దిగి సముద్రంలో కలుస్తుంది. "నీళ్ళు పైకెలా ఎక్కినాయి టీచర్, మోటారెట్టారా?" అంది నాగదుర్గ. క్లాసంతా ఒకటే నవ్వు. పైన అంటే ఎత్తు కాదర్రా, ఉత్తరం అని మూడు రోజులు మొత్తుకున్నాను. ఎక్కితేగా.

నాలుగో రోజు మ్యాపు తలకిందులైంది. ఎవరు తిప్పారంటారా? వస్తున్నా, ఆగండి.

సముద్రం కిందికి రాగానే పది నిమిషాల్లో పాఠం అయిపోయింది. నాగదుర్గ పెద్దిరాజు కూతురు కదండీ, వల పట్టే ఇంటి పిల్ల. లేచి నైలు చివర వేలు పెట్టింది. "ఒండ్రు పడేచోట వరి పండుద్ది టీచర్. ఈ చివరికి ఉప్పునీరు తోసుకొస్తది. ఇక్కడోళ్ళు మాలాగా వలేసుకోవాల్సిందే." పుస్తకం రాసినవాళ్ళకి తట్టిందా ఈ మాట?

తనిఖీ రోజు ఆ పిల్లనే నిలబెట్టి, "చేపలమ్ముకునే తెలివి ఇంతే" అన్నాడాయన. పేరు తీసెయ్యమన్నాడు. మీరు సరే సార్ అన్నారు. అసహ్యమేసింది నాకు. మీ ఇద్దర్నీ చూసి సగమే లెండి.

తిప్పింది నేను. స్టూలెక్కి నా చేత్తో తగిలించాను. ఆ పిల్ల కింద స్టూలు పట్టుకుంది, అంతే.

"ఎవరి పని ఇది?" అని ఆయన అడిగినప్పుడు, నా ప్రమోషన్ ఫైలు ఆయన దగ్గరుందని గుర్తొచ్చింది. అబద్ధం ఆడలేదు నేను. ఆ పిల్ల వంక చూశాను. మిగతాది ఆయనే అనుకున్నాడు. అది నన్నే చూస్తూ నిలబడింది.

ఇవాళ క్లాసులో అడిగాను, నైలు ఎటు పారుతుందే అని. "పైకండీ" అంది. అండీ అట. నిన్నటిదాకా టీచర్ అని పిలిచేది.

ఇదిగో, జరిగిందంతా రాసి తెచ్చాను. పైకి పంపండి. అలా సొరుగు వైపు చూడకండి, నాకు తెలుసు. మీరు పంపరు. పంపరని తెలుసు కాబట్టే ఇంత ధైర్యంగా సంతకం పెట్టాను.