ఐసు ప్యాకులో నీళ్ళ చప్పుడు

అధ్యక్షులు డాక్టర్ మోహనకృష్ణ గారికి, పెద్దలకు, నాతోటి పనివాళ్ళకు, ఈ రోజు రిటైరవుతున్న మా జ్ఞానసుందరి సిస్టరు గారికి నమస్కారాలు. నేను సోములుని, మన ఆసుపత్రిలో టీకాల పెట్టె మోసేవాణ్ణి. మైకు ముందు ఎప్పుడూ నిలబడలేదు. కాగితం మీద రాసుకొచ్చాను. ఐదో తరగతి రాత, తప్పులుంటే మా బడి మేష్టారిని అనుకోండి. (నవ్వులు)

బుధవారం టీకాల రోజు. గడ్డకట్టిన ఐసు ప్యాకులు వెంటనే పెట్టెలో పెట్టకూడదు, బల్ల మీద పరిచి, చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వచ్చేదాకా ఆగాలి, లేకపోతే పక్కనున్న మందు గడ్డకట్టిపోయి బిడ్డకి సూది నొప్పే తప్ప ఏ కాపుదలా ఉండదు. ఇదంతా గోడ మీద కాగితంలో ఉంది. ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉన్న సిస్టరు గారు ప్రతి బుధవారం ఆ కాగితం మీద వేలు పెట్టి చదివేవారు. కొత్త నర్సు ఝాన్సీలక్ష్మి, అదిగో మూడో వరసలో పాప, ఓసారి నవ్వింది.

"ఇన్నేళ్ళయ్యాక కూడా ఏటి సూస్తారు సిస్టర్? నోటికొచ్చీసుంటాది కదా!"

"నోటికొచ్చిన కాణ్ణించే నాకు బయమేస్తన్నాది పాపా" అన్నారు ఆవిడ.

భావనపాడు వెళ్ళే తొందరలో ఓసారి నేను ఆగకుండా ప్యాకులు పెట్టేశాను. అక్కడ సిస్టరు గారు మందు గడ్డకట్టడం చూసి మొత్తం పక్కన పెట్టించేశారు. ఎండలో నిలబడ్డ తల్లులకి "తప్పు మాది, రేపు మళ్ళీ వస్తాం" అని తనే చెప్పారు. నన్ను మాత్రం "ఏటి సేసినావు సోములన్నా" అని ఒక్క మాట.

ఇక నాకు భయం వేసే సంగతి. డాక్టరు గారూ, నిరుడు దసరా నుంచి నాకు ఆ నీళ్ళ చప్పుడు వినిపించడం లేదు. కుడి చెవి పోయింది. దగ్గరగా మాట్లాడితే ఎడమ చెవికి అందుతుంది, అంతే. పని పోతుందని చెప్పలేదు. "వినిపించిందేటి?" అని సిస్టరు గారు అడిగితే "వినిపించిందమ్మా" అనేవాణ్ణి. ఆవిడ ప్యాకు తీసుకుని తన చెవి దగ్గర మళ్ళీ ఊపేవారు. నన్ను నమ్మడం లేదని కోపం కూడా వచ్చేది.

మొన్న బుధవారం ఆవిడ రాలేదు.

"అయిందేటి తాతా?" అంది ఝాన్సీ పాప.

"అయింది" అన్నాను.

"నీకు తెలీదేటిలే, ముసలి సర్వీసు!" అని పెట్టె మూయబోయింది. నేను మూత పట్టుకున్నాను.

"ఆగు పాపా. నువ్వూ ఓసారి ఊపు."

ఊపింది. "సప్పుడు లేదు తాతా! నన్ను పరీచ్చ సేస్తన్నావేటి?" అని నవ్వింది. నేనూ నవ్వి, ప్యాకులు మళ్ళీ బల్ల మీద పరిచాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతోంది.

వచ్చే బుధవారం సిస్టరు గారు ఉండరు. అందుకే అందరి ముందూ చెప్పేస్తున్నాను. నన్ను ఉంచుతారో తీసేస్తారో మీ దయ. పెట్టె మోయడానికి భుజాలున్నాయి, వినడానికి మాత్రం పాపని పెట్టండి. పాపా, నా సర్వీసు చూసి నమ్మకు. కాగితం చదువు, ఊపి విను.

సిస్టరు గారూ, మిమ్మల్ని నాలుగు మాటలు పొగడాలని వచ్చి ఇది చదివాను, క్షమించండి. మీరేదో అంటున్నారు...

నాకు వినిపించడం లేదమ్మా.

అందరికీ దండాలు. సెలవు.