శుభాంగికి బొమ్మలు నేర్పిన సారు

ముఖేడ్ బస్టాండు పక్కన సుందరాబాయి చాయ్ హోటల్లో ఆ పొద్దున డ్రాయింగ్ మాస్టరు అంబాదాస్ సారు పేపరు మడిచి బల్ల మీద కొట్టి మొదలుపెట్టాడు.

"చూసిండ్రా ఈ ఫోటో? నాందేడ్ ఇంటర్నేషనల్ బడిల బొమ్మల మేడమట, మన శుభాంగి. పిల్లలు ఏది గీస్తమంటే అది గీయనిస్తదట, మట్టి కావాల్నంటే మట్టి, రంగులు కావాల్నంటే రంగులు. గింతదానికి పేపర్ల ఫోటో. ఏడో తరగతిల నా ముంగట కూసొని ముక్కు తుడుసుకున్న పిల్ల అది. ఇరవై ఆరేండ్ల సంది చాక్‌పీస్ పొడి మింగుతున్న, నా ఫోటో ఎవడన్న ఏసిండా? కడుపు మండుతది, దాసుడెందుకు. ఆ పద్ధతి దానికి నేర్పిందే నేను.

"పోయిన జూన్‌ల ఆ బడోళ్ళు నన్ను పిలిచిండ్రు. ఒక్క పీరియడ్, అంతే. ముప్పై మంది పిల్లలు. అందరు కుండ గీయుండ్రి అన్న. అంచుకు ఎరుపా, నీలమా, అది మీ ఇష్టం అన్న. మరి ఇష్టం అంటే గదే గద?"

"కుండ మాత్రం గీయాల్సిందే?" అన్నాడు ఎదురుగా చాయ్ తాగుతున్న దత్తు.

"కుండ లేకుంట అంచు యాడికెళ్ళి అస్తది రా? ఇను. ఒక పోరి నీలం అంచు ఏసింది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? కాగితం తడిసింది. చెయ్యి పెట్టి చూస్తే సల్లటి నీళ్ళు. ప్యూను రెండు గిలాసలు తాగిండు, తియ్యగున్నయన్నడు. ఒక్క కుండ గాదు, ముప్పై కుండలు పొంగినయి. అసలే వానల్లేక ఊర్లు ఎండుతున్నయి, ఎట్ల తెలిసిందో ఏమో, ట్యాంకర్లు లైన్ కట్టినయి. నాందేడ్ల బడి గేటు కాడ మొదటి ట్యాంకరు, ఆఖరిది ఇగో గీ ముఖేడ్ బస్టాండుల."

"నాకు కనవడలే," అంది సుందరాబాయి చాయ్ వడపోస్తూ.

"నువ్వు ఆ దినం దుకాణం తెరవలే. విష్ణుపురి డ్యామ్ ఇంజనీరు ఫోన్ చేసిండు, సారూ, నీళ్ళు మా గేట్ల మీదికి అస్తున్నయి, జర బ్రష్ కింద పెట్టుండ్రి అని. సాయంత్రానికి విమానంల తెల్లదొరలు దిగిండ్రు. మా దేశమంతట మీరే నేర్పాలె, ముందుగాల ఈ బడిల నౌకరి పట్టుండ్రి అని నా కాళ్ళ మీద పడ్డరు. నేను ఒద్దన్న, ముఖేడ్ పిల్లలేం గావాలె? ఆ నౌకరి శుభాంగికి ఇయ్యిండ్రి, గరీబు పిల్ల అన్న. నేను పెట్టిన బువ్వ అది తింటున్నది. నా పేరు ఒక్కసారన్న చెప్పిందా?"

సెలవుకు ఊరొచ్చి బల్ల చివర కూర్చున్న గజానన్ ఆ నాందేడ్ బడి బస్సు డ్రైవరు. చాయ్ గిలాస కింద పెట్టి ముందుకు వంగాడు.

"నీకేం ఎరుక గజానన్, నువ్వు గేటు బయట ఉంటవు," అన్నాడు సారు ముందే.

"నేర్పింది వాళ్ళ సారేనని మేడమ్ గూడ అంటది," అన్నాడు గజానన్. "మా బస్సులనే అస్తది. మొన్న ఒక పోరి ఏడ్సుకుంట ఎక్కింది, బొమ్మ మంచిగ రాలే, చింపేస్త అని. మేడమ్ చెయ్యి పట్టుకున్నది. 'నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు మా సారు అందరిని కుండ గీయమన్నడు. నేను మా ఎద్దును గీసిన. సారు అందరి ముంగట దాన్ని చింపిండు. పిల్లల బొమ్మ ఎన్నడు చింపొద్దని ఆ దినమే నేర్సుకున్న' అన్నది."

సుందరాబాయి చాయ్ తెచ్చి సారు ముందు పెట్టింది. ఆయన దాన్ని ముట్టలేదు.

"ఏ సారో పేరు చెప్పిందా?" అన్నాడు పేపరు మళ్ళీ మడుస్తూ.

"చెప్పలేదు సారు," అన్నాడు గజానన్. "గిప్పుడు మీరే చెప్తిరి."