పదిహేడో రిఫరెన్సు

పిల్లల వార్డు పక్కగదిలో, పత్రిక తిప్పి పంపిన వైద్య వ్యాసాన్ని జూనియర్ డాక్టరు సరిచేస్తున్నాడు. ప్రొఫెసరమ్మ లోపలికొచ్చింది.

“ఇంకా కామాలేనా నాయనా? ఈలోపు నేను రిటైరైపోతాను.”

“మనం ఆధారాలుగా చివర ఇచ్చిన నలభై రిఫరెన్సుల్లో ప్రతి కామా తప్పూ పట్టుకున్నారు మేడమ్. పత్రికవాళ్లవి డేగకళ్లు.”

“మరి ఆలస్యమెందుకు?”

“పదిహేడోదానికి పేజీ నంబరు లేదని, అందులో పేర్కొన్న అసలు వ్యాసం తెరిచాను. మనలో ఎవరమూ దాన్ని తెరిచిన పాపాన పోలేదు.”

“వెటకారం చాల్లే. ఏముంది అందులో?”

“మనం రాసిన మందు పిల్లలకి సగం మోతాదే ఇవ్వాలట. మనం పూర్తి మోతాదు అని రాశాం. కామా మాత్రం చక్కగా పెట్టాం.”

ఆమె కుర్చీలో కూలబడింది.

“ఆ మందు మన ఆరో మంచం పాపకి...”

“ఇందాకే సగానికి తగ్గించి వచ్చాను. మీ మాట దాటానని కోప్పడతారేమో.”

“కోపం తర్వాత. ముందు పద, పాపని చూద్దాం.”