పది సెకన్ల గడువు

కుట్టుమిషను పక్కనున్న కంప్యూటర్ ముందు భర్త కూర్చున్నాడు. వెనకాల భార్య కత్తెర పట్టుకుని నిలబడింది.

“మళ్లీ దాన్ని కెలికారా? పోయినసారి నా ఎంబ్రాయిడరీ డిజైన్లన్నీ తుడిచిపెట్టేశారు.”

“ఈసారి ముందే వేరే డిస్కులో దాచానే. నీ విండోస్ జోలికి పోలేదు. అలాంటిదే నా లైనక్స్, అది పక్క భాగంలో ఉంది. ఒకే ఇల్లు, రెండు వాటాలు.”

“ఆన్ చేస్తే ఏదొస్తుంది మరి?”

“రెండు పేర్లూ కనిపిస్తాయి. పది సెకన్లలో ఎవరూ ఏమీ నొక్కకపోతే నీదే తెరుచుకుంటుంది.”

“మీది కావాలంటే?”

“ఆలోపు నేనొచ్చి నొక్కాలి.”

“మన పెళ్లికే గంట ఆలస్యంగా వచ్చిన మనిషి, పది సెకన్లలో వస్తారా?”

“రాననే కదా నీది పెట్టాను.”

ఆమె కత్తెర బల్లమీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“పోనీ, ముప్పై చేసుకోండి.”